మన పేటలు, మన ఓటు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ఇప్పుడే ముగిసినది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరము శ్రద్ధగా విన్నాము. పూజ్యమనగా గౌరవమనియు అర్థము, సున్న అనియు అర్థము. ఈ నగరమును ఏలువారి యెదుట మన ఓటుకు గల పూజ్యము ఈ రెంటిలో ఏదో, కార్యదర్శిగారు మమ్ము మాట్లాడుమన్నారు గనుక, కొంచెము విచారింతము.

కామాఠీపురా అను పేరు మన వారివలన వచ్చినది. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ వెల్లార్డు కట్ట వేసి సముద్రపు నీటిని ఆపిన పిమ్మట, ఆ పల్లపు నేలలు క్రమముగా నివాసయోగ్యమైనవి. నిజాము రాజ్యపు తెలుగు జిల్లాల నుండి రాళ్ళు కొట్టుటకు, మట్టి మోయుటకు, ఇండ్లు కట్టుటకు వచ్చినవారిని ఈ ఊరివారు కామాఠీలన్నారు. ఉద్యోగమునకు పోయినపుడు ఆ చిరునామా చెప్పుటకు మన పిల్లలు కొందరు నేటికిని సంకోచింతురు. రాయి మోసిన వారి పేరును తరువాత వచ్చిన వ్యాపారము కప్పివేసినది. అందులో పేరు చేసిన తప్పేమి?

ఊరు కట్టినవారికి ఊరిలో మాట మాత్రము చాల కాలము లేకపోయెను. 1872 నాటి మునిసిపల్ చట్టము 64 మంది సభ్యులలో సగము మందిని పన్ను చెల్లించువారు ఎన్నుకొనునట్లు చేసినది. చాలులో అద్దెగదిలో ఉండు కూలివాడు ఆ లెక్కలోనికి రాడు. గుత్తేదారులుగా పైకివచ్చిన కొద్దిమంది మాత్రము నలుగురిలో నిలిచినారు. వెంకు బాలోజీ కాలేవార్, జయా కరాడీ లింగు వంటి మన తెలుగువారు మహాత్మా జోతీరావు ఫూలే సత్యశోధక సమాజమునకు ఈ నగరమున అండగా ఉండిరి. ఓటు లేని కాలమున మన వారికి దొరికిన ప్రాతినిధ్యమది. కార్పొరేషనుకు వయోజన ఓటుతో ఎన్నిక జరుగుటకు 1948 వఱకు ఆగవలసివచ్చెను.

1937లో డాక్టరు అంబేద్కరు మన కామాఠీపురా ప్రక్కనున్న బైకల్లా–పరేలు స్థానమునుండి బొంబాయి శాసనసభకు గెలిచినారు. అదే నగరమున 1952లో లోక్‌సభకు నిలిచి ఓడినారు. ఈ ఓటమిని గూర్చి కొంచెము ఎక్కువ చెప్పుటకు అనుమతింపుడు. బొంబాయి నగర ఉత్తర స్థానమునకు నాడు ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్ స్థానము, ఒకటి షెడ్యూల్డు కులములకు ప్రత్యేకించినది. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. రెండును ఒకే అభ్యర్థికి వేసినచో ఒకటి చెల్లదు. ప్రత్యేక స్థానమునకు కాంగ్రెసు పక్షమున నారాయణ సదోబా కాజ్రోల్కరుకు 1,38,137 ఓట్లు, అంబేద్కరుకు 1,23,576 ఓట్లు వచ్చినవి. తేడా 14,561. ఆ ఎన్నికలో 74 వేలకు పైగా ఓట్లు లెక్కకు రాకుండ పోయినవని అంబేద్కరు, అశోక్ మెహతా అర్జీ పెట్టినారు, అర్జీ నెగ్గలేదు. మా చాలులోని పెద్దలొకరు, తాము రెండు చీట్లను ఒకే డబ్బాలో వేసి, "గట్టిగా వేసి వచ్చితిమి" అని సంబరపడిన సంగతి తరువాత నవ్వుచు చెప్పెడివారు. ఆ నవ్వులో బాధ కూడ ఉండెడిది. ఇద్దరు సభ్యుల స్థానములను 1961 చట్టము తీసివేసినది.

తరువాతి కథ మిల్లులది. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని విడిచినారు. వర్లీ, పరేలు చాలులలోని మన పద్మశాలీల ఇండ్లలో పొయ్యి వెలుగని దినములవి. 1984లో దేశమంతట కాంగ్రెసు గాలి వీచుచుండగా, సమ్మె నాయకుడు డాక్టరు దత్తా సామంత్‌ను దక్షిణ మధ్య స్థానమువారు స్వతంత్రునిగా లోక్‌సభకు పంపినారు. నాయకుని పంపగలిగిరి గాని సాంచెలను తిరిగి నడిపించలేకపోయిరి. ఎందరో భీవండికి, షోలాపురమునకు పోయినారు. కొందరు ఊరికే మరలినారు.

2008 పునర్విభజనలో చిత్రము జరిగినది. దక్షిణ మధ్య అను పేరు నిలిచినది, పేటలు మారినవి. వర్లీ, శివడీ, కామాఠీపురాతో కూడ దక్షిణ ముంబయిలో చేరినవి. ధారావి, సయాన్ కోలివాడా, వడాలా, మాహిం, చెంబూరు, అణుశక్తినగరు కలిసి నేటి దక్షిణ మధ్య స్థానమైనవి. అక్కడ 2009లో ఏకనాథ్ గైక్వాడ్, 2014లోను 2019లోను రాహుల్ శేవాళే, 2024లో అనిల్ దేశాయి గెలిచినారు. గదిలోనుండి కదలకుండనే మన కుటుంబములు స్థానము మారినవి!

ఇక కదలవలసిన వారి మాట. ధారావి పునర్నిర్మాణపు నిబంధనలలో, 2000 జనవరి 1కి ముందునుండి నేల అంతస్తున ఉన్నవారికి అక్కడనే ఇల్లు. తరువాత వచ్చినవారికి, పై అంతస్తులవారికి ధారావి వెలుపల. ములుండు వంటి చోటికి పోయినవాని ఓటు కూడ అక్కడికే పోవును. తాను విడిచిన పేటను గూర్చి అడుగవలసిన ప్రతినిధి అప్పుడు వానికి ప్రతినిధి కాడు. కావున ఎవరి ఇల్లు ఏ జాబితాలో ఉన్నదో కదలకముందే చూచుకొనవలెను.

మన వారిలో చాలమందికి ఓటు కరీంనగరు వైపో పాలమూరు వైపో ఉన్నది. "అక్కడ ఇల్లున్నది గదా" అందురు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఇల్లు ఉన్నంత మాత్రమున అక్కడి నివాసి కాడు. రెండు చోట్ల పేరుండరాదు. మన నీళ్ళు, మన బడి, మన గది అన్నియు ఇక్కడివే. ఊరిపై మమత మాకును కలదు. అయినను ఓటు మాత్రము నివసించు చోటనే ఉండవలెనని మా అభిప్రాయము.

ఇంకొక చిక్కు పేర్లది. మనము ఇంటిపేరు ముందు చెప్పుదుము. మరాఠీ గుమాస్తా పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాయును. అందువలన ఒకే మనిషి రేషను కార్డులో ఒకరు, ఓటరు జాబితాలో మరియొకరు. ఆడపడుచులకు నడుమ తండ్రి పేరొకచోట, భర్త పేరొకచోట! కిందటి ఎన్నికనాడు మా చాలులో ఒక అత్తమ్మ రెండు గంటలు వరుసలో నిలిచి, పేరు కలియలేదని తిరిగివచ్చినది.

క్రొత్తగా చేరుటకు ఫారము 6, దిద్దుటకును చిరునామా మార్చుటకును ఫారము 8. ద్వారము ప్రక్కనున్న బల్లపై ఆ రెండును ఉన్నవి. మరాఠీ వ్రాయలేని పెద్దలకు మన పిల్లలు వ్రాసి పెట్టెదరు. ఫలాహారమునకు పోవు త్రోవ కూడ అటువైపే.