ఇసుక గుంటలో మొదటి దూకు

నైజీరియా క్రీడాకారిణి చియోమా అజున్వా పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు. నాకది బాధగానే ఉంటుంది. 1991లో చైనాలో మహిళల తొలి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగినప్పుడు ఆమె నైజీరియా జట్టులో ఉంది. మైదానంలోకి దిగే అవకాశం మాత్రం రాలేదు. వంద మీటర్ల పరుగులోనూ ఆమెది మెరుపు వేగమే. అంతలో డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం. పరుగు పందేల మనిషికి నాలుగేళ్లంటే మాటలా!

1996 ఆగస్టు 2. అట్లాంటా ఒలింపిక్స్‌లో లాంగ్ జంప్ ఫైనల్. అప్పటికి పోలీసు ఉద్యోగంలో ఉన్న అజున్వా మొదటి ప్రయత్నంలోనే 7.12 మీటర్లు దూకింది. లాంగ్ జంప్‌లో అసలు బలం పరుగుదే. చెక్క పలక మీద కాలు మోపగానే ఆ వేగమంతా దూరంగా మారుతుంది. ఇటలీకి చెందిన ఫియోనా మే, అమెరికా దిగ్గజం జాకీ జాయ్నర్ కెర్సీ ఎంత ప్రయత్నించినా ఆమెను అందుకోలేకపోయారు. నైజీరియాకు అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. మర్నాడే ఆ దేశపు పురుషుల ఫుట్‌బాల్ జట్టు అర్జెంటీనాను 3-2తో ఓడించి రెండోది తెచ్చింది.

2021లో నైజీరియాకే చెందిన ఎసే బ్రూమే 7.17 మీటర్లు దూకేదాకా అజున్వా దూకిన ఆ దూరమే ఆఫ్రికా రికార్డు.