గింజలోని చప్పుడు



కడవలో దాచిన గింజ పైకి చెక్కుచెదరక కనబడి, పట్టి నలుపగనే పిండియై రాలుట మీలో పెక్కురు చూచియే యుందురు. నిరుడు మా యింట విత్తనమునకని దాచిన జొన్నలు అట్లే పోయినవి. విత్తునాడు చాటతో చెరుగగా డొల్లగింజలు పొట్టువలె ఎగిరిపోయినవి. పురుగు లోపల నుండగనే తెలిసికొను మార్గము లేదా యను చింత నాటినుండి నన్ను విడువలేదు.

ముక్కుపురుగు చేయు పని వినుడు. ఆడుపురుగు తన ముక్కుతో గింజకు సన్నని రంధ్రము చేసి, అందొక గ్రుడ్డు నుంచి, జిగురుతో మూసివేయును. పిల్లపురుగు లోపలనే తిని పెరిగి, ఇంచుమించు నెలదినములకు గింజను తొలుచుకొని వెలికి వచ్చును. అంతదాక కంటికేమియు కానరాదు. కాని అది కొరుకునపుడు చప్పుడగును.

ఆ చప్పుడు వినగోరుట క్రొత్త మాట కాదు. 1924లోనే దక్షిణాఫ్రికాలో బ్రెయిన్ అను శాస్త్రజ్ఞుడు రేడియో సాధనములతో పురుగుల సవ్వడి వినుటకు పూనుకొనెను. 1953లో అమెరికాలో గింజలలో దాగిన పురుగులను ఇట్లే విని పట్టిరి.

ఈ యేడు మూడు కడవలనుండి మచ్చులు తీసికొని హైదరాబాదు పోయితిని. అబిడ్సులోని జగదీశ్ మార్కెట్టులో ఫోనులు బాగుచేయు యువకుని అడిగితిని. అతడు రూపాయంత పలుచని బిళ్ళ యొకటి చూపి, “తాతా, ఇంత చిన్న చప్పుడు గాలిలో వినరాదు, దీనిని గింజలకే ఆనించవలె” ననెను. అదిరినపుడెల్ల స్వల్పముగా విద్యుత్తు పుట్టించుట ఆ బిళ్ళ గుణము. దానిని పెంచి చెవికి వినిపించు చిన్న యంత్రమును గూడ అతడే అమర్చి యిచ్చెను.

ఆ రాత్రి నాంపల్లి స్టేషను చెంత బసలో గింజలు డబ్బాలో పోసి, బిళ్ళను నడుమ నుంచి వింటిని. వినవచ్చినది పురుగు కాదు. బండ్ల మ్రోత, నీళ్ల పంపు గురగుర, నా చేతి వణుకు! యంత్రము సన్నని చప్పుడుతోపాటు ప్రక్క చప్పుళ్లను గూడ పెంచును గదా. ఫ్యాను ఆర్పి, డబ్బాను బొంతలో చుట్టి, పరుపుపై నుంచి, అర్ధరాత్రి దాటువరకు వేచితిని. రైలొకటి సాగిపోయిన పిమ్మట, మూడవ కడవ మచ్చులో, ఎండుటాకును గోటితో గిల్లినట్లు ‘టిక్కు’ మనెను. కొంతసేపటికి మరల ‘టిక్కు’ మనెను. పైకి ఆ గింజలు ముత్యములవలె నుండెను!

ఇంటికి రాగానే ఆ కడవను వేరుచేసి, తక్కిన రెంటిని మరల ఎండబెట్టి మూతులు బిగించితిని. విత్తుటకు అవి మిగిలినవి.

ఒక్క హెచ్చరిక: గ్రుడ్డు చప్పుడు చేయదు. కనుక ఒకనాటి నిశ్శబ్దమును నమ్మరాదు, పక్షమునకొకసారి వినవలెను. యంత్రము లేనివారు గింజను బాగుగా ఎండబెట్టి దాచుట మానరాదు. యంత్రము గలవారికిని ఆ యెండయే మందు. యంత్రము చెప్పునది రోగము మాత్రమే.