1 ప్రధాన సంఖ్య ఎందుకు కాదు?

సరిగ్గా రెండే కారణాంకాలు ఉన్న సహజ సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. ఆ రెండూ ఏవి? ఒకటీ, ఆ సంఖ్యా.

పన్నెండు చింతపిక్కలుంటే వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు పేర్చవచ్చు. ఆరేసి చొప్పున రెండు వరుసలూ కుదురుతాయి. అదే ఏడు పిక్కలైతే? ఒక్క వరుసలో పెట్టాల్సిందే. రెండు సమాన వరుసలు చేయబోతే ఒకటి మిగిలిపోతుంది. కాబట్టి 7 ప్రధాన సంఖ్య; రెండుకు మించి కారణాంకాలున్న 12 సంయుక్త సంఖ్య.

మరి 1 సంగతి? దానికున్నది ఒక్కటే కారణాంకం. నిర్వచనం అడిగేది రెండు. అందుకే 1 ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు. "ఒకటితోనూ తనతోనూ మాత్రమే భాగింపబడేది" అని బడిలో వల్లె వేయించే వాక్యం సరిగ్గా ఇక్కడే తడబడుతుంది. ఆ రెండూ వేరువేరుగా ఉండాలన్న షరతు అందులో లేదు.

ఇంత పట్టింపు దేనికి? 12ను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాస్తే రెండు ఇంటూ రెండు ఇంటూ మూడు. క్రమం మారినా సంఖ్యలు అవే. ఒకటికి మించిన ప్రతి సహజ సంఖ్యకూ ఇలా ఒకే ఒక విభజన ఉంటుంది. ఇదే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం. 1ని కూడా ప్రధాన సంఖ్యల్లో చేరిస్తే, ఆ లబ్ధానికి ఎన్ని ఒకట్లైనా తగిలించవచ్చు. ఇక "ఒకే ఒక" అన్న మాట నిలవదు.

1ని మినహాయించే ఈ కట్టుబాటు మొదటినుంచీ లేదు. 18వ శతాబ్దంలో గణితవేత్త గోల్డ్‌బాక్ ఒకటిని ప్రధాన సంఖ్యగానే లెక్కించాడు. 1914లో అమెరికా గణితవేత్త లేమర్ వెలువరించిన ప్రధాన సంఖ్యల పట్టికా ఒకటితోనే మొదలైంది. నేటి పాఠ్యపుస్తకాల్లో ఆ జాబితా 2తో మొదలవుతుంది. సరి సంఖ్యల్లో ప్రధాన సంఖ్య అదొక్కటే.