సరళవృక్షాల పరిమళం – దాని కొలత



హిమవంతుని వర్ణిస్తూ కాళిదాసు ‘కుమారసంభవం’ ప్రథమ సర్గలో సరళవృక్షాలను స్మరించాడు. చెక్కిళ్ల దురద తీర్చుకొనుటకై ఏనుగులు రాచుకొనగా ఆ చెట్లు పాలు కార్చుననీ, ఆ వాసన కొండచరియలను సుగంధభరితం చేయుననీ ఆయన భావన. కవి ఆఘ్రాణించిన ఆ పరిమళాన్ని నేటి శాస్త్రజ్ఞుడు తూచి చూస్తున్నాడు. ఆ తూనిక ఎట్టిదో, దానితో మనకేమి పనియో మనవి చేస్తాను.

సంస్కృతంలోని సరళం హిందీలో ‘చీడ్’. తెలుగు చెవికి ఆ మాట పైరుకు పట్టిన తెగులును స్ఫురింపజేస్తుంది గాని, కొండప్రజలకు అది కలపను, జిగురును ప్రసాదించే చెట్టు. దాని శాస్త్రనామం పైనస్ రాక్స్‌బర్గై. కాకినాడ సమీపాన సామర్లకోటలో మొక్కల తోట పెంచిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ నగరానికి వచ్చి, హుగ్లీ ఆవలి ఒడ్డున శిబ్‌పూర్ ఉద్యానానికి అధిపతి అయినాడు. ఆయన పెట్టిన ‘లాంగిఫోలియా’ అనే పేరు అంతకు ముందే వేరొక చెట్టుకు వాడబడినందున, 1897లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు సార్జెంట్ ఆయన పేరునే ఈ చెట్టుకు స్థిరపరచినాడు.

ఆ జిగురును బట్టీ పట్టగా వచ్చేదే టర్పెంటైన్. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన సైమన్‌సెన్, లక్నో ఆచార్యుడు మాక్‌మహన్‌తో కలిసి చేసిన కృషి ఫలితంగా 1914 జనవరిలో భారత సైన్స్ కాంగ్రెస్ తొలి సమావేశం ఇదే నగరంలో, ఏషియాటిక్ సొసైటీ భవనంలో జరిగింది. తరువాత ఆ సైమన్‌సెన్ డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయంలో ఈ టర్పెంటైన్‌ను పరిశీలించి, అందులో ‘కారీన్’ అనే పదార్థాన్ని గుర్తించినాడు. కారీన్, పైనీన్ మున్నగువాటిని టర్పీన్‌లంటారు. ఇవి సులభంగా ఆవిరై గాలిలో కలిసిపోతాయి.

సీసాలోని నూనెను పరీక్షించడం ఒక ఎత్తు. నిలిచి ఉన్న చెట్టు ఉచ్ఛ్వాసాన్ని కొలవడం మరొక ఎత్తు. పారదర్శకమైన సంచిని కొమ్మకు తొడిగి, శుభ్రమైన గాలిని నిర్ణీత వేగంతో పంపుతారు. వెలువడే గాలిని టర్పీన్‌లను పట్టి ఉంచే పొడి నింపిన గొట్టం గుండా లాగుతారు. ప్రయోగశాలలో ఆ గొట్టాన్ని వేడిచేసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో ఆవిరులను వేరుపరచి, ఏది ఎంతో లెక్కకడతారు. ఒక గ్రాము ఎండుటాకుకు గంటకు ఇన్ని మైక్రోగ్రాములని ఫలితం చెబుతారు.

ఇక్కడొక చిక్కున్నది. సంచి తొడుగుటలో కొమ్మ నలిగితే ఆవిరి అనేక రెట్లు పెరుగుతుంది. కాళిదాసు వర్ణించినది గాయపడిన చెట్టు వాసన. శాస్త్రజ్ఞునికి కావలసినది గాయపడని చెట్టు శ్వాస. అందుచేత సంచి తొడిగిన తరువాత చాలాసేపు వేచి ఉండాలి. ఆకు వేడిని కూడా నమోదు చేయాలి. జిగురు నాళాలలో నిలువ ఉన్న టర్పీన్‌ల ఆవిరి, వేడి పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెండున్నర రెట్లవుతుంది. ఉదయపు కొలతను మధ్యాహ్నానికి అన్వయిస్తే లెక్క తప్పుతుంది.

ఈ శ్రమ ఎందుకు? టర్పీన్‌లు వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులతో ఎండలో కలిసినప్పుడు హానికరమైన ఓజోన్ పుట్టుటకు తోడ్పడతాయి. సూక్ష్మకణాలు కూడా ఏర్పడతాయి. అంతమాత్రాన చెట్టే దోషి అనడం అన్యాయం. పొగ లేని అడవిలో అవే టర్పీన్‌లు ఓజోన్‌ను హరించగలవు. వాటి నుండి పుట్టిన కణాలు మేఘబిందువులకు బీజాలు కాగలవు.

ఇది కొండ ప్రాంతాలకు దూరపు సమస్య కాదు. జపాన్ నుండి తెచ్చి నాటిన ‘ధూపీ’ చెట్లు దార్జిలింగ్ వాలులను కప్పి ఉన్నాయి. ఆ బాటలలోనే వాహనాల పొగ కమ్ముతుంది. మైదానాల మసి కూడా అక్కడికి చేరుతుంది. 1917లో జగదీశ్ చంద్ర బోస్ ఈ నగరంలో స్థాపించిన బోస్ సంస్థకు దార్జిలింగ్‌లో ఒక కేంద్రమున్నది. అక్కడి గాలిని దాని శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. కొండగాలిలో చెట్టు వంతు ఎంత, మనిషి వంతు ఎంత అన్నది కొలత లేనిదే తేలదు. అది తేలనంతకాలం పొగను అదుపు చేయవలసినవారు చెట్టును చూపి తప్పుకొనవచ్చును. నాటవలసిన జాతిని ఎన్నుకొనేవారు ఊహపై ఆధారపడవలసి వచ్చును.

సామర్లకోట తోట, మద్రాసు తరగతి గది, డెహ్రాడూన్ బట్టీ, కలకత్తా సభ – ఇన్ని చోట్ల శ్రమ ఒక చెట్టు కథలో కలిసింది. మూగచెట్టు తన పక్షాన వాదించుకొనలేదు. దాని తరఫున సాక్ష్యం పలికేది సరియైన కొలత ఒక్కటే.