బెంచీ మీద పిల్లల లెక్క
(ఏలూరులో జరిగిన సంఘం యువజన సమావేశంలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చిన తల్లిదండ్రులకు, తాడేపల్లిగూడెం నుంచి, కొల్లేటి లంక గ్రామాల నుంచి వచ్చిన యానాది, ఎరుకల బంధువులకు, వెనక వరసలో గ్లోవులు మార్చుకుంటూ అల్లరి చేస్తున్న పిల్లలకు నమస్కారం.

నన్ను సాఫ్ట్‌బాల్ గురించి మాట్లాడమన్నారు. ఆట గొప్పతనం చెప్పడానికి రాలేదండి. మన పిల్లలు గ్రౌండులో ఎంతసేపు ఉంటున్నారు, బెంచీ మీద ఎంతసేపు ఉంటున్నారు, ఆ లెక్క చెబుదామని వచ్చాను.

ఆదివాసీ పిల్లలు పెద్ద ఆటలకు పనికొస్తారా అన్న అనుమానం 1928లోనే తీరిపోయింది. ఆ ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లి, హాకీలో మన దేశానికి మొదటి బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్. ముండా తెగ బిడ్డ. కాబట్టి సత్తా గురించి చర్చ అక్కర్లేదు. అవకాశం గురించే మాట్లాడుకుందాం.

పోటీకి పదిహేను మందిని తీసుకెళ్తాం. తొమ్మిది మంది ఆడతారు. మిగతా ఆరుగురు నీళ్ల బాటిళ్లు అందిస్తారు, బ్యాట్లు ఏరతారు, చప్పట్లు కొడతారు. సాయంత్రం అందరికీ సర్టిఫికెట్ వస్తుంది. ఇంటికెళ్లాక తల్లి అడుగుతుంది, "ఎలా ఆడావే?" అని. ఆ పిల్ల ఏం చెబుతుంది? సర్టిఫికెట్ చూపిస్తుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి కడుపునొప్పి అంటుంది. కడుపునొప్పి కాదది.

ఎవరా ఆరుగురు అని చూస్తే అక్కడ ఇంకో సంగతి బయటపడుతుంది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలు కొత్త బడిలో చేరతారు. జట్టు అప్పటికే కుదిరిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు బెంచీ. ఊరు పోయింది, స్నేహితులు చెదిరిపోయారు, ఇక్కడ ఆటలోనూ చివరి వరసే. కొల్లేటి పిల్లలది మరో ఇబ్బంది. వానలు పడితే ఆడుకునే చోటు చెరువైపోతుంది, ప్రాక్టీసు ఉండదు. ప్రాక్టీసు లేదు కాబట్టి ఆడించం, ఆడించం కాబట్టి ఆట రాదు.

ఎడమచేతి పిల్లల సంగతి మరీ చిత్రం. ఎడమచేత్తో విసిరేవాళ్లకు గ్లోవు కుడిచేతికి ఉండాలి. మన కిట్లలో అన్నీ ఎడమచేతికి తొడిగేవే. ఒక అమ్మాయి గ్లోవు తిరగేసి తొడుక్కుని రెండేళ్లు తంటాలు పడింది. అందరూ "దానికి క్యాచ్ రాదు" అన్నారు. సరైన గ్లోవు దొరికిన వారం నుంచి క్యాచ్ వచ్చింది!

ఇక లెక్కకు వద్దాం. ఏడు ఇన్నింగ్స్, ఒక్కోదానిలో తొమ్మిది స్థానాలు. మొత్తం 63. మొదట దిగిన ఆటగాడు బయటికొచ్చి, అదే బ్యాటింగ్ వరసలో ఒకసారి తిరిగి దిగవచ్చని సాఫ్ట్‌బాల్ నియమం ఉంది. దీన్ని రీ-ఎంట్రీ అంటారు. చాలామంది కోచ్‌లు దెబ్బ తగిలినప్పుడే దీన్ని వాడతారు. మూడో ఇన్నింగ్స్‌లో ఆరుగురు బెంచీ పిల్లల్ని దించండి. మూడు, నాలుగు, అయిదు ఆడతారు. ఆరోదానికి పాతవాళ్లు తిరిగి వస్తారు. ఆరుగురికి తలా మూడు, వాళ్లు ఎవరి బదులు దిగారో ఆ ఆరుగురికి తలా నాలుగు, పిచ్చర్, క్యాచర్, షార్ట్‌స్టాప్ ముగ్గురికీ ఏడేసి. కూడి చూడండి, 63 సరిపోతుంది.

మూడోదాంట్లోనే ఎందుకంటే, అయిదు ఇన్నింగ్స్ అయ్యేసరికి ఏడు పరుగుల తేడా ఉంటే మ్యాచ్ అక్కడితో ఆపేస్తారు. "చివర్లో దించుదాంలే" అనుకుంటే ఆ చివర రాకపోవచ్చు. వచ్చినా బ్యాటు పట్టే వంతు రాదు. దించాక కూడా ఎప్పుడూ రైట్ ఫీల్డ్‌లోనే నిలబెట్టకండి. కుడిచేతి బ్యాటర్లు కొట్టే బంతులు ఎక్కువగా అటు పోవు. పిల్లకి ఆ సంగతి తెలుసు, తననెందుకు అక్కడ పెట్టారో కూడా తెలుసు.

అందర్నీ పిచ్చర్‌ని చెయ్యమనడం లేదు. అలవాటు లేని పిల్లని ఎదురుగా నిలబెడితే మొహానికి దెబ్బ తగులుతుంది. జిల్లా సెలక్షన్ నాకౌట్ మ్యాచ్‌లో మంచి తొమ్మిది మందినే ఆడించండి, నేనూ అదే చేస్తాను. కానీ మనలో మనం పెట్టుకునే పోటీల్లో, స్నేహపూర్వక మ్యాచ్‌ల్లో ఆ తొందర దేనికి? అమెరికాలో లిటిల్ లీగ్ వాళ్లు దీన్ని కోచ్ దయకు వదల్లేదు. జట్టులో ప్రతి పిల్లా ఫీల్డింగ్‌లో కనీసం ఆరు అవుట్లు పడేదాకా ఉండాలి, ఒకసారైనా బ్యాటింగ్ చెయ్యాలి అని నియమమే పెట్టుకున్నారు.

మనకిది పరాయి సంగతేం కాదు. కోయ గూడెంలో భూమి పండక్కి వేటకెళ్తే, దొరికిన మాంసం ఇంటింటికీ వాటా పడుతుంది. బాణం ఎవరిదని అడిగి ఒక్క ఇంటికే ఇవ్వరు. రేలా ఆడేటప్పుడు చెయ్యి పట్టుకున్నవాళ్లంతా వలయంలోనే ఉంటారు.

"అలాగైతే ఓడిపోతాం మాస్టారూ" అని ఒక తండ్రి పొద్దున నాతో అన్నారు. కొన్ని ఓడిపోతాం, నిజమే. కానీ పిచ్చర్‌కి జ్వరమొచ్చిన రోజున రెండో పిచ్చర్ లేక ఓడే మ్యాచ్‌లు ఇప్పుడూ ఉన్నాయి కదండీ.

సంఘానికి నా విన్నపం ఇంతే. వచ్చే టోర్నమెంట్‌లో ప్రతి పిల్లకీ కనీసం రెండు ఇన్నింగ్స్ ఫీల్డింగ్, ఒక బ్యాటింగ్ అని నియమాల కాగితంలో రాయండి. ప్రతి జట్టు కిట్‌లో ఎడమచేతివాటం పిల్లల గ్లోవు ఒకటి ఉంచండి. ఎవరు ఎన్ని ఇన్నింగ్స్ ఆడారో రాసుకునే పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. భోజనాల దగ్గర టేబుల్ మీద ఉంటుంది, తల్లులు మీ పిల్ల పేరు ఎదుట ఎంత ఉందో చూసుకోండి. చదవడం రానివాళ్లకు నేనే చదివి చెబుతాను.