సూక్ష్మ విద్యుద్వలయముల రచన



నేను చిప్పుల రచనను బోధించువాడను. మన చిత్తూరు, తిరుపతి సీమల పెద్దలు నన్ను తఱచుగా నిట్లడుగుచుందురు: "మా మనుమడు రాత్రింబగళ్లు తెర యెదుట గూర్చుండి తప్పులు వెదకుచున్నాడు. వస్తువును జేయుట యెన్నడును గానము. ఇది యేమి చదువు?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 1959లో వెలసెను. 2013లో శ్రీసిటీ ట్రిపుల్ ఐటీయు, 2015లో తిరుపతి ఐఐటీయు దానికి తోడైనవి. పిల్లలు చదువుచున్నదేమో పెద్దలెఱుగవలదా?

చెఱువు తూమును దలపుడు. తెఱచిన నీరు పాఱును, మూసిన నిలుచును. 1947లో అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు బుట్టిన ట్రాన్సిస్టరు విద్యుత్తునకు తూము వంటిది. ఒకే కాలువపై రెండు తూములున్నచో రెండును దెఱచిననే నీరు పాఱును. రెండు కాలువలపై నొక్కొక్కటి యున్నచో నేదో యొకటి తెఱచిన జాలును. "ఇదియు నదియు", "ఇదియో యదియో" అను రెండు విచారణలు నిట్లే యేర్పడును. అయితే యిచ్చట నీరుగంటితో పని లేదు. ఒక కాలువ ప్రవాహమే మఱియొక తూమును దెఱచును. ప్రవాహమున్న ఒకటి, లేకున్న సున్న. కూడికలు మొదలుగా సకల గణితమును ఈ రెండంకెలతోనే జరుగును.

1958లో జాక్ కిల్బీ పలు భాగముల నొకే పలకపై నమర్చి చూపెను. మఱుసటి యేట రాబర్ట్ నాయిస్ సిలికాన్ పలకపైననే తీగెలను గూడ బఱచు మార్గము దెలిపెను. 1971 నాటి ఇంటెల్ 4004 చిప్పున సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేటి పెద్ద చిప్పులలో వేల కోట్లు గలవు. వానిని జేతితో గీయ నెవ్వరి తరము? కావున విద్యార్థి తన యుద్దేశమును వెరిలాగ్ వంటి భాషలో వ్రాయును. కంప్యూటరు దానిని తూముల కూర్పుగా మార్చును.

నా విద్యార్థిదశలో నేనొక కూడిక యంత్రమును రచించితిని. పది లెక్కలు వేసి చూచితిని, పదియు సరిపోయెను. గురువుగారు అన్ని స్థానములందు నొకట్లుగల సంఖ్యకు ఒకటి చేర్చుమనిరి. పై స్థానమునకు బోవలసిన ఒకటి నడుమనే నిలిచిపోయెను. "కాగితముపై దప్పిన దుడుతువు, పలకపై దప్పిన నేమి చేయుదువు?" అని వారనిరి. నాకు బదులు దోపలేదు.

పలకపై వలయమును పొరలు పొరలుగా అచ్చువేయుదురు. తప్పు బయటపడినచో అచ్చులను మరల జేయవలెను. నెలలు గడచును, కోట్లు వ్యయమగును. 1994లో ఇంటెల్ వారి పెంటియం చిప్పు కొన్ని భాగహారములలో దప్పుచున్నదని థామస్ నైస్లీ యను గణితాచార్యుడు కనిపెట్టెను. లోపలి పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా నుండుటయే కారణము. అందువలన ఆ సంస్థ 47 కోట్ల 50 లక్షల డాలర్లు కేటాయింపవలసి వచ్చెను.

అన్ని లెక్కలను వేసి చూడరాదా యందురేమో! 32 స్థానముల సంఖ్యలు రెంటిని గూడు విధములు, కోటిని కోటితో హెచ్చించి మరల లక్షతో హెచ్చించిన దానికంటె నధికము. కావున నేయే చోట్ల దప్పు దాగునో యూహించి వెదకుటయే యీ విద్యలో పెద్ద భాగము.

పెద్దలారా! వానకాలమునకు ముందే చెఱువుకట్టపై నడచి నెఱ్ఱెలు వెదకువానిని మీరు సోమరి యనరు. మీ మనుమడు చేయుచున్న పనియు నదియే. వానిని తొందరపెట్టకుడు.