పాలు మానిన పంది పిల్ల, పేగు పంపే కబురు



మా గురువుగారి స్మారకోపన్యాసానికి ఆయన ఏళ్ల తరబడి బోధించిన విషయాన్నే ఎంచుకున్నాను. జీర్ణాశయం తన ఇష్టప్రకారం పనిచేయదు, పేగు పంపే కబుర్లను బట్టి నడుస్తుంది. పాలు మాన్పించిన పంది పిల్లలు దక్కాలంటే వాటిని మేపేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ మత్తిచ్చిన కుక్క చిన్నపేగులో ఒక భాగానికి నరాలు తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమరసం ఊరింది. పేగు లోపొరను గీకి, ఇసుక, ఆమ్లం వేసి నూరి, వడగట్టి నెత్తురులోకి ఎక్కించారు. మళ్లీ ఊరింది. కబురు నెత్తురులోనే వెళ్తోందని తేలింది. ఆ పదార్థమే సెక్రెటిన్. హార్మోన్ అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చారు.

ఆ తర్వాతి పరిశోధనలకు పందే ఆధారమైంది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోర్పెస్, మట్ పంది పేగుల నుంచి సెక్రెటిన్‌ను, కోలిసిస్టోకైనిన్‌ను శుద్ధి చేశారు. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ పంది జీర్ణాశయం నుంచి గ్యాస్ట్రిన్‌ను వేరుచేశారు.

వీటి పని ఇదీ. జీర్ణాశయంలో మాంసకృత్తులు చేరితే గ్యాస్ట్రిన్ ఆమ్లాన్ని ఊరిస్తుంది. ఆమ్లం మించితే సొమాటోస్టాటిన్ అడ్డుపడుతుంది. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగు మొదట్లో తగిలితే కోలిసిస్టోకైనిన్ వెలువడి జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆకలిని తగ్గిస్తుంది. ఆమ్లం తగిలితే సెక్రెటిన్ క్లోమం చేత క్షారాన్ని పంపిస్తుంది. పేగు అరిగించుకోగలిగినంతే కిందికి దిగాలన్నదే ఈ ఏర్పాటు.

అప్పుడే పుట్టిన పంది పిల్లలో సొంత ఆమ్లం తక్కువ. పాలలోని చక్కెరను లాక్టోబాసిల్లస్ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, కైమోసిన్ పాలను గడ్డకట్టిస్తుంది. తల్లి దాదాపు గంటకోసారి కొద్దికొద్దిగా పాలిస్తుంది కాబట్టి ఆ లోటు బయటపడదు. వాణిజ్య ఫారాల్లో మూడు, నాలుగు వారాలకే పాలు మాన్పిస్తారు. పాలతో వచ్చే ఆమ్లం పోతుంది, సొంత ఆమ్లం ఇంకా చాలదు. దాణాలోని సోయా చెక్క, సున్నపురాయి పొడి ఉన్న ఆమ్లాన్నీ పీల్చేస్తాయి. పైగా తల్లికి దూరమైన పిల్ల మొదట మేత ముట్టదు, తర్వాత ఆకలికి ఒక్కసారిగా తినేస్తుంది. అరగని మాంసకృత్తులు పేగులోకి జారితే ఈ.కోలై పెరుగుతుంది, పారుడు పట్టుకుంటుంది.

చాలాకాలం దీనికి యాంటీబయాటిక్‌లు, పెద్ద మోతాదు జింక్ ఆక్సైడ్ వాడారు. ఆ జింక్ వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2022 జూన్‌లో ఆపేసింది. ఇక మేపే పద్ధతి మీదే శ్రద్ధ పెట్టాలి. పాలు మాన్పించకముందే దాణా రుచి చూపాలి. మాన్పించాక రోజుకు చాలాసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. సున్నపురాయి పొడి తగ్గించి, సేంద్రియ ఆమ్లాలు కలపాలి.

పేగు హార్మోన్ల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం పంది శరీరం నుంచే వచ్చింది. మనుషుల వైద్యానికి అది ఎంతో ఉపయోగపడింది. ఆ జ్ఞానాన్ని పంది పాక దాకా తీసుకెళ్లడం పశువైద్యులుగా మన బాధ్యత.